ఎదుటివాడి లెక్క

పేకాట అనగానే మన పెద్దలు మొహం చిట్లిస్తారు. పండగ సెలవుల్లో అరుగుల మీద పదమూడు ముక్కలాట ఆడేదీ ఆ పెద్దలే లెండి! నేను ఆట నేర్పబోవడం లేదు. స్టాటిస్టిక్స్ చదివేవాడిగా అందులో కనిపించిన ఒక లెక్క చెబుతాను.

రమ్మీ ప్రధానంగా నైపుణ్యమున్న ఆట అని 1967లో సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడడాన్ని 2017లో తెలంగాణ, 2025లో కేంద్రం చట్టాలు చేసి నిషేధించాయి. అందుకే ఇబ్రహీంపట్నంలో మా హాస్టల్ మిత్రుడొకడు ఫోన్లో ఉత్తుత్తి చిప్స్‌తోనే పోకర్ టోర్నమెంట్లు ఆడేవాడు. ఎదుటివాళ్ళ అలవాట్లన్నీ నోటుబుక్కులో రాసుకునేవాడు. ప్రతిదానికీ పందెం కాసేవాడి ముందు బ్లఫ్ చెయ్యకూడదు, మంచి ముక్కలు పడ్డప్పుడే గట్టిగా కాయాలి. ఊరికే ముక్కలు పడేసే పిరికివాణ్ణి బెదిరించాలి. ఇదీ వాడి సూత్రం. సూత్రం సరైనదే.

ఒకరోజు, "గోవాకు పోతా, అసలు పైసలతోటి ఆడతా" అన్నాడు. చేతిలో ఉన్నది సెమిస్టరు ఫీజు.

నోటుబుక్కు తీసుకుని కూర్చున్నాను. ఒకడు 20 పంపకాల్లో 8 సార్లు ఆటలోకి దిగాడనుకోండి. 40 శాతం. మావాడు వెంటనే "వీడు దూకుడు మనిషి" అని రాసేస్తాడు. కానీ 20 పంపకాలతో అసలు అలవాటు సుమారు 18 శాతం నుంచి 62 శాతం దాకా ఎక్కడైనా ఉండొచ్చు. అదే 500 పంపకాలు చూస్తే 36, 44ల మధ్యకు వస్తుంది. మన పెద్దచెరువులో ఒక చెంబు నీళ్ళు ముంచి చెరువు లోతు చెబితే ఎవరైనా నమ్ముతారా?

పైగా టోర్నమెంటులో ముందుగా విధిగా పెట్టాల్సిన పందెం గంటగంటకూ పెరుగుతుంది. చిప్స్ తరిగిపోయాక పిరికివాడు కూడా ఉన్నదంతా ఒక్కసారే తోసేస్తాడు. మొదటి గంట లెక్క ఆఖరి గంటకు పనికిరాదు. ఇక ఉత్తుత్తి చిప్స్ ఆటలో పోయేదేమీ లేదు కనుక ప్రతివాడూ వీరుడే. ఆ లెక్క గోవా బల్ల మీద అసలే నడవదు.

"అన్నీ సరే, నీ పేజీ ఏదిరా?" అన్నాను.

"నా ఆట నాకు తెల్వదా?" అన్నాడు. నిజంగానే నోటుబుక్కులో అందరి పేజీలూ ఉన్నాయి, వాడిది తప్ప. వాళ్ళు కూడా వాణ్ణి చూస్తున్నారనీ, రాసుకుంటున్నారనీ వాడికి తట్టలేదు.

రెండు రాత్రులు కూర్చుని పాత ఆటలు తిరగేసి తన పేజీ రాసుకున్నాడు. అందులో ఏముందో నాకు చూపించలేదు, నేనూ అడగలేదు. ఫీజు మాత్రం గడువులోపే కట్టాడు.

నోటుబుక్కు ఇప్పుడు నా దగ్గరుంది. శాంపిల్ సైజు అంటే ఏమిటని అడిగే జూనియర్లకు పనికొస్తోంది.