ఒకే ఆట, ఊరికో ధర

2023 వేసవి సెలవుల్లో ఒక రాత్రి భోజనాల దగ్గర మా చిన్నవాడు, "నాన్నా, అర్జెంటీనా పెసో మన రూపాయల్లో ఎంత?" అని అడిగాడు. బ్యాంకులో ముప్ఫై ఏళ్ళుగా పనిచేస్తున్నాను. ఇంట్లో వాళ్ళు నా ఉద్యోగానికి సంబంధించిన ప్రశ్న అడగడం ఎప్పుడోగాని జరగదు. అందుకని అన్నం చల్లారిపోతున్నా లెక్కచేయకుండా, అప్పటి అధికారిక రేటు ప్రకారం సుమారు మూడు పెసోలకు ఒక రూపాయి అని మొదలుపెట్టి, మారకపు రేట్ల మీద ఒక ఉపన్యాసమే ఇచ్చాను. "ముందు అన్నం తినండి, అర్జెంటీనా ఎక్కడికీ పోదు" అంది మా ఆవిడ.

వాడి అవసరం వేరు. వాడికి ఒక కంప్యూటరు ఆట కావాలి. ఈ ఆటలు ఇప్పుడు డబ్బాల్లో, సీడీల్లో రావు. స్టీమ్ అనే దుకాణం ఒకటుంది. అమెరికాలోని వాల్వ్ సంస్థ 2003లో తెరిచింది. ఇంట్లో కూర్చుని డబ్బు కడితే ఆట నేరుగా కంప్యూటరులోకి దిగుతుంది. మా వాడు కోరిన ఆట మన దేశంలో మూడు వేల రూపాయలు. అదే ఆట, అదే దుకాణంలో, అర్జెంటీనా వాళ్ళకు మన లెక్కలో ఏడు వందలు!

"మన ఖాతా అర్జెంటీనాలో ఉన్నట్టు చూపిస్తే చాలు నాన్నా. వీపీఎన్ అని ఒక ఉపాయం ఉంది. అక్కడి గిఫ్ట్ కార్డులు అమ్మే మధ్యవర్తి ఉన్నాడు. వాడికి రెండు వందలు ఇచ్చినా మనకు రెండు వేల పైన మిగులుతుంది" అన్నాడు.

కాగితం మీద లెక్క వేసి చూశాను. సరిగ్గానే ఉంది. మా ఆవిడ మాత్రం "ఆ ఊళ్ళో మనకెవరున్నారని?" అంది. అందరం నవ్వాం. మా వాడు మరో మాట కూడా వేశాడు. "మన యానాంలో పెట్రోలు చవక అని కాకినాడ వాళ్ళు వచ్చి కొట్టించుకోవడం లేదా? ఇదీ అంతే కదా!"

మాది యానాం. పుదుచ్చేరిలో భాగం, చుట్టూ ఆంధ్రప్రదేశ్. అక్కడి పన్ను వేరు, మా పన్ను వేరు కాబట్టి ధరా వేరు. చిన్నప్పటి నుంచీ రోడ్డుకి అటూ ఇటూ రెండు ధరలు చూస్తూ పెరిగినవాణ్ణి. వాడి వాదన నాకు నచ్చింది. "కామర్సు చదివింది నేను, వ్యాపార బుద్ధి నీకు వచ్చింది" అని మెచ్చుకుని, డబ్బు కూడా ఇచ్చాను.

ఇక్కడ ఆ ధరల సంగతి కొంచెం చెప్పాలి. 2015 చివరి వరకు ఆ దుకాణంలో మనకు ధరలు డాలర్లలోనే ఉండేవి. మా పెద్దవాడు ఆ రోజుల్లో అరవై డాలర్ల ఆట ఒకటి అడిగాడు. డాలరు అప్పుడు అరవై ఆరు రూపాయలు. దాదాపు నాలుగు వేలు, పైన విదేశీ లావాదేవీకి బ్యాంకు రుసుము. కుదరదన్నాను. ఆ తరవాత రూపాయల్లో ధరలు వచ్చాయి. మారింది రూపాయి గుర్తు ఒక్కటే కాదు. ఏ దేశంలో ఎంతకు అమ్మాలో ఆట తయారుచేసినవారే నిర్ణయించుకోవచ్చు. దుకాణం వారు దేశానికో సలహా ధర ఇస్తారు. మన దేశానికి సూచించిన ధర, డాలరు ధరను మారకపు రేటుతో గుణిస్తే వచ్చేదానికన్నా తక్కువే.

ఇది దానమేమీ కాదు. కాస్ట్ అకౌంటింగు చదివినవారికి వెంటనే తెలుస్తుంది. ఆట తయారుచేయడానికి అయ్యే ఖర్చు స్థిర వ్యయం. అది ఒక్కసారే అవుతుంది. తయారైన తరవాత మరో ప్రతి అమ్మడానికి అయ్యే చర వ్యయం దాదాపు ఏమీ ఉండదు. నాలుగు వేలు పెట్టలేని కుర్రవాడు ఎనిమిది వందలు పెట్టి కొంటే, ఆ ఎనిమిది వందల్లో దుకాణం వాటా, పన్నూ పోగా మిగిలింది తయారుచేసినవారికి లాభమే. ఒక్కటే షరతు. నాలుగు వేలు పెట్టగలిగినవాడు ఆ ఎనిమిది వందల గుమ్మంలోంచి రాకూడదు.

మా తరానికీ ఈ మేలు జరిగింది. కాకినాడలో బి.కాం. చదివేటప్పుడు నా దగ్గరున్న ఇంగ్లీషు పుస్తకాల్లో కొన్ని ఇ.ఎల్.బి.ఎస్. ముద్రణలు. మనవంటి దేశాల విద్యార్థులకు అందుబాటులో ఉండాలని బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో తక్కువ ధరకు వేసినవి. మరికొన్నిటి మీద 'భారత ఉపఖండంలో అమ్మకానికి మాత్రమే' అని ఉండేది. ఆ వాక్యం అప్పుడు చదివి వదిలేశాను. దాని అర్థం తెలియడానికి మా వాడి ఆట కావలసి వచ్చింది.

నవంబరు వచ్చింది. మా వాడితో రాత్రిళ్ళు ఆడే జట్టులో అర్జెంటీనా కుర్రవాడు ఒకడున్నాడు. వాడి మొహం మేమెవరం చూడలేదు. ఇంగ్లీషు అంతంత మాత్రం. మనకు తెల్లవారేటప్పటికి వాళ్ళకు రాత్రి అవుతుంది కాబట్టి సెలవు రోజుల్లో పొద్దున్నే మా ఇంట్లో వాడి గొంతు వినిపించేది. దుకాణం వారు అక్టోబరులో ప్రకటించి, 2023 నవంబరు 20 నుంచి అర్జెంటీనా పెసో, టర్కీ లీరా ధరలు రద్దు చేశారు. ఆ రెండు దేశాల వాళ్ళూ ఇకమీదట డాలర్లలోనే కొనాలి. ఆ ప్రాంతాలకు వేరే డాలరు ధర పెట్టుకునే వీలు తయారీదారులకు ఇచ్చారు గాని, పెట్టనివారి ఆటలకు అమెరికా ధరే పడింది. ఆ కుర్రవాడు నెలనెలా దాచుకుని కొనుక్కునే ఆటలు ఒక్క రాత్రిలో వాడికి అందకుండా పోయాయి.

ఆదివారం పొద్దున్న మా వాడు ఆడడం మధ్యలో ఆపేసి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "బయటి దేశాల వాళ్ళు దొంగ చిరునామాలతో కొని మా ధర పాడుచేశారు అంటున్నాడు నాన్నా. నేనూ కొన్నానని వాడికి తెలియదు" అన్నాడు.

నాకు తెలిసిన సమాధానం చెప్పాను. అసలు కారణం పెసోయే. ఆ ఏడాది మొత్తానికి అర్జెంటీనాలో ధరల పెరుగుదల 211 శాతం. డిసెంబరులో అక్కడి ప్రభుత్వం ఒక్కసారిగా డాలరును సుమారు 366 పెసోల నుంచి 800కి తీసుకెళ్ళింది. మన దేశంలోనూ 1992 మార్చి నుంచి ఏడాది పాటు డాలరుకు రెండు రేట్లున్నాయి. నేను ఉద్యోగంలో చేరిన 1993లోనే అవి ఒకటయ్యాయి. అప్పట్లో అర్జెంటీనాలో అధికారిక రేటుకీ, 'బ్లూ డాలర్' అనే బయటి రేటుకీ పొంతనే ఉండేది కాదు. అలాంటి నాణెంలో ఇవాళ పెట్టిన ధర మూడు నెలలకు ఎందుకూ కొరగాదు. దుకాణం వారు చెప్పిన కారణం కూడా మారకపు రేటు నిలకడ లేకపోవడమే. "మన మూడు వేల వల్ల వాళ్ళ దేశం మునిగిపోలేదురా" అన్నాను.

మా వాడు విని ఊరుకున్నాడు. లేచి వెళ్ళిపోతూ, "మన వల్ల కొంచెమైనా కాదంటావా?" అన్నాడు.

కాదనలేకపోయాను. చవక ధర పెట్టినవాడు దాన్ని నిలుపుకోవడానికి ఒక్కటే కారణం, అది ఎవరికోసం పెట్టాడో వాళ్ళకు చేరడం. దొంగదారిన కొన్న ప్రతివాడూ ఆ కారణాన్ని కొంచెం కొంచెం కొరికేసినవాడే. పెసో ఇంటికి నిప్పు పెట్టి ఉండవచ్చు. మేమూ ఒక పుల్ల వేశాం.

ఆ తరవాత కొన్నాళ్ళు దీని గురించే చదివాను. నన్ను నేను సమర్థించుకునే దారి దొరుకుతుందేమోనని. థాయిలాండ్ నుంచి అమెరికా చదువుకు వెళ్ళిన సుపాప్ కిర్త్‌సెంగ్ అనే విద్యార్థి, తన దేశంలో చవకగా దొరికే పాఠ్యపుస్తకాలు తెప్పించి అమెరికాలో అమ్మాడు. ప్రచురణకర్తలైన జాన్ వైలీ వారు దావా వేశారు. 2013 మార్చిలో అమెరికా సుప్రీంకోర్టు విద్యార్థి పక్షానే తీర్పు చెప్పింది. అలాగే 2021 జనవరిలో యూరోపియన్ కమిషన్, వాల్వ్ మీదా మరో అయిదు ఆటల సంస్థల మీదా కలిపి 78 లక్షల యూరోల జరిమానా వేసింది. తూర్పు యూరప్ దేశాల్లో కొన్న కొన్ని ఆటలు మిగతా సభ్యదేశాల్లో పనిచేయకుండా అడ్డుకట్ట వేశారని నేరం. అందరిదీ ఒకే మార్కెట్టు అని ఒప్పుకున్న చోట గోడ కట్టకూడదు కదా.

చూశారా, గోడ కట్టినవాడిదే ఎప్పుడూ న్యాయం కాదు. కాని ఆ రెండు కథల్లోనూ నాకు సాకు దొరకలేదు. ఆ పుస్తకాలు థాయిలాండులో నిజంగా కొన్నవే. తూర్పు యూరప్ లో కొన్న ఆటలూ అక్కడ నిజంగా అమ్మినవే. మేము చేసింది అది కాదు. లేని చోట ఉన్నామని చెప్పాం.

మా వాడి పెట్రోలు వాదనకూ జవాబు అక్కడే దొరికింది. కాకినాడ మనిషి యానాం బంకుకి వస్తే, తాను యానాం వాడినని చెప్పడు. ఎవరూ అడగరు. ఇక్కడిదాకా బండి నడుపుకుంటూ వచ్చి, ఇక్కడి పన్ను ఇక్కడ కట్టి వెళతాడు. ఆంధ్ర ఖజానాకు నష్టమే, అది వేరే లెక్క. అతను వచ్చాడని మాకు ధర పెరగదు. మేము అర్జెంటీనాకు వెళ్ళనూ లేదు, అక్కడివాళ్ళకు మిగిల్చిందీ లేదు.

ఇంకొక్క సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం రాసి ప్రయోజనం లేదు. మా వాడికి డబ్బిచ్చిన వారంలోనే, బ్రాంచిలో ఒక పెద్దావిడ ఖాతా దరఖాస్తు వెనక్కి పంపాను. ఆధారులో గోదావరి అవతలి ఊరి చిరునామా ఉంది. ఆవిడ ఉండేది యానాంలో కూతురి దగ్గర. "ఎక్కడుంటున్నానో అదే చెప్పాను కదా బాబూ" అంది. రుజువు తెమ్మన్నాను. ఇప్పటి చిరునామా వేరేదైతే స్వయంగా రాసిచ్చే ప్రకటన తీసుకునే వీలు నిబంధనల్లో ఉంది. వెతికి చూసే ఓపిక నాకు లేకపోయింది. నిజం చెప్పినావిడని తిప్పి పంపి, ఇంటికి వచ్చి అబద్ధపు చిరునామాకు చప్పట్లు కొట్టాను.

ఆవిడకు కబురు పంపి ఖాతా తెరిపించాను. అది నా ఉద్యోగం, గొప్ప కాదు. కష్టమైంది రెండోది. మా వాడిని కూర్చోబెట్టి, "ఆ రోజు నిన్ను ఆపవలసినవాణ్ణి నేను. తెలివి అని మెచ్చుకున్నాను. తప్పు నాది" అని చెప్పాను. తండ్రి నోట ఆ మాట వినడం వాడికి అలవాటు లేదు. తల గోక్కుని, "ఇద్దరిదీలే నాన్నా" అన్నాడు.

ఖాతా మళ్ళీ భారతదేశానికి మార్చుకున్నాడు. డిసెంబరు తగ్గింపు అమ్మకాల్లో మరో ఆట, మన రూపాయల్లో, యూపీఐ మీద కొన్నాడు. ఆ కుర్రవాడికి ఉన్నదున్నట్టు రాశానని కూడా చెప్పాడు. వారం రోజులు జవాబు లేదు. తరవాత ఒక ఆదివారం పొద్దున్న మళ్ళీ ఆ గొంతు వినిపించింది. ఇద్దరూ తమ దగ్గర ముందునుంచీ ఉన్న పాత ఆటే ఆడుకుంటున్నారు.

మీ ఇళ్ళలోనూ పిల్లలు ఇలాంటి లెక్కలు తెస్తారు. లెక్క సరిగ్గానే ఉంటుంది. దానితోపాటు మా ఆవిడ అడిగిన ప్రశ్న కూడా అడగండి: ఆ ఊళ్ళో మనకెవరున్నారని? మేము నవ్వి వదిలేశాం. ఉన్నాడు, ఒక కుర్రవాడు.