టీకాల ఆసామి... నవ్వుల పత్రిక!

చదివింది ఎలక్ట్రానిక్స్. చేసింది రక్షణ శాఖ ప్రయోగశాలలో ఉద్యోగం, ఆ తర్వాత బ్యాటరీల వ్యాపారం. అలాంటి మనిషి టీకాల కంపెనీ పెడతానంటే ఎవరు మాత్రం నమ్ముతారు? బ్యాంకులూ నమ్మలేదు. నెల్లూరు జిల్లా పాపిరెడ్డిపాళెంలో పుట్టిన కె.ఐ.వరప్రసాద్ రెడ్డి కథ అలా మొదలైంది.

1992లో జెనీవాలో జరిగిన ఓ సదస్సుకు వెళ్లారాయన. హెపటైటిస్-బి ఎంత ప్రమాదకరమో అక్కడే తెలిసింది. టీకా ఉంది. కానీ అది విదేశీ సరుకు. ఒక్కో డోసుకు వందల రూపాయలు! వేయించుకోవాల్సిందేమో మూడు డోసులు. ఇంటిల్లిపాదికీ వేయించాలంటే కొడంగల్ కంది రైతుకు అయ్యే పనేనా? టెక్నాలజీ అమ్మమని విదేశీ కంపెనీని అడిగితే అవమానమే ఎదురైంది. ఆ పట్టుదలతోనే 1993లో అమ్మ పేరు మీద శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. ఉస్మానియా యూనివర్సిటీలో, సీసీఎంబీలో పరిశోధన సాగింది. డబ్బుకు కటకటలాడుతున్న రోజుల్లో ఒమన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలావీ ఆదుకున్నారు. 1997 ఆగస్టులో శాన్‌వాక్-బి బయటికొచ్చింది. జన్యు పరిజ్ఞానంతో మన దేశంలో తయారైన తొలి హెపటైటిస్-బి టీకా అదే. దాంతో విదేశీ కంపెనీలూ ధర దించక తప్పలేదు.

ఇంతవరకూ చాలామందికి తెలిసిందే. అసలు ముచ్చట ఆ తర్వాతిది.

చేతిలో నాలుగు డబ్బులు ఆడితే వ్యాపారి ఏం చేస్తాడు? స్థలాలు కొంటాడు. ఈయన పత్రిక పెట్టించారు! అదీ రాజకీయాలకో, సినిమా కబుర్లకో కాదు. హాస్యంలోని 'హా', సంగీతంలోని 'సం' కలిపి... 'హాసం'. 2001లో మొదలైంది. సంగీతం మీద రాసే రాజా, హాస్య రచయిత ఎం.బి.ఎస్.ప్రసాద్ దాన్ని నడిపించారు. పాత పాటల వెనక కథలు, స్వరకర్తల ముచ్చట్లు, జోకులు, కార్టూన్లు. చదివి పారేయకుండా దాచుకున్నవాళ్లున్నారు. ఊళ్లలో హాసం క్లబ్బులూ వెలిశాయి.

అయితే టీకాకు దొరికినంత మార్కెట్ పాటకూ నవ్వుకూ ఎక్కడిది? 2004లో పత్రిక ఆగిపోయింది. ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. దాత ఎంత పెద్దవాడైనా పత్రికను మోయాల్సింది పాఠకుడే. తెలుగువాళ్లం చప్పట్లు కొట్టినంత ధారాళంగా చందా కట్టం!

2005లో ఆయనకు పద్మభూషణ్ వచ్చింది. టీకాలకు లెండి, పాటలకు కాదు. 2009లో శాంతా కంపెనీ ఫ్రెంచి సంస్థ సనోఫీ చేతికి వెళ్లింది. అమ్మ పేరున్న సంస్థ పరాయి గొడుగు కిందికి చేరడం కొందరికి రుచించలేదు. ప్రపంచానికంతటికీ టీకాలు అందించాలంటే ఆ స్థాయి పెట్టుబడి కావాలి మరి.

సరిగ్గా అదే ఏడాది పత్రిక పేరుతో మిగిలిన హాసం ప్రచురణలు ఓ పుస్తకం తెచ్చింది. ముళ్లపూడి వెంకటరమణ ఆత్మకథ 'కోతికొమ్మచ్చి'. ఆ వెనకే రెండో భాగమూ వచ్చింది. 2011 ఫిబ్రవరిలో రమణ కన్నుమూశారు. ఆయన బతుకు కథ ఆయన చేతి రాతలోనే అప్పటికే తెలుగువాళ్ల ఇళ్లకు చేరిపోయింది.