మీట వదిలే చోట

పియానోలు శ్రుతి చేయడం నా వృత్తి. హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో చర్చిలు, స్కూళ్లు, ఇళ్లు తిరుగుతూ చేసే పని. పియానోకు 88 మీటలైతే తీగలు 230 దాకా ఉంటాయి. మధ్య, పై స్థాయి స్వరాలకు మీటకు మూడేసి తీగలు. రెంటికి ఫెల్ట్ ముక్క అడ్డం పెట్టి ఒకదాన్ని శ్రుతి చేస్తాం. తర్వాత మిగతా రెంటినీ దానితో కలుపుతాం. వెంట్రుకవాసి తేడా ఉన్నా నాదం అలలు అలలుగా ఊగుతుంది. ఆ ఊపు స్వరం మొదట్లో పెద్దగా తెలియదు, అది సాగుతూ సన్నబడుతున్నప్పుడే బయటపడుతుంది. అందుకే మాకు స్వరాన్ని చివరిదాకా వినే అలవాటు. రికార్డులూ అలాగే వింటాను.

ఈ మధ్య నేను ఎక్కువగా వింటున్నది స్వరకర్త షోపాన్ రాసిన ఎట్యూడ్లు, యున్‌చాన్ లిమ్ వాయించినవి. లిమ్‌ది దక్షిణ కొరియా. 2022లో టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో వాన్ క్లైబర్న్ పియానో పోటీ గెలిచినప్పుడు అతనికి 18 ఏళ్లు. అంత చిన్న వయసులో ఆ బహుమతి అంతకుముందు ఎవరికీ రాలేదు. 2024 ఏప్రిల్‌లో డెకా సంస్థ అతని ఎట్యూడ్ల రికార్డును విడుదల చేసింది. అప్పటికి అతనికి ఇరవై నిండి నెలే అయింది. షోపాన్ ఈ ఎట్యూడ్లలో మొదటివి రాసిందీ దాదాపు ఆ వయసులోనే. పన్నెండేసి చొప్పున రెండు సంపుటాలు: ఓపస్ 10 అచ్చయింది 1833లో, ఓపస్ 25 1837లో.

మనకు సరళీ స్వరాలు, జంట స్వరాలు ఎలాగో, పియానో వాళ్లకు ఎట్యూడ్ అలాగ. వేళ్ల సాధన కోసం పుట్టింది. షోపాన్ దాన్ని కచేరీకి ఎక్కించాడు. ఓపస్ 10లో రెండోది చూడండి. కుడిచేతి మధ్యవేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు, ఈ మూడే నల్లవీ తెల్లవీ వరసబెట్టి పరుగెత్తాలి. అదే చేతి బొటనవేలు, చూపుడువేలు కింద తాళం పట్టాలి. బలం లేని వేళ్లకే బరువంతా. లిమ్ చేతిలో ఆ పరుగులో ఒక్క స్వరమూ బరువెక్కదు. ఇలాంటి చోట పియానో లోపలి ఏర్పాటు కూడా సమంగా ఉండాలి. 88 సుత్తులూ ఒకే ఎత్తు నుంచి లేచి, తీగకు ఒకే దూరంలో మీట పట్టు నుంచి విడిపోవాలి. ఒక్క సుత్తి మీద ఫెల్ట్ గట్టిపడినా ఆ స్వరం గరుకుగా తేలుతుంది. ఈ రికార్డు వెనక పనిచేసిన సాంకేతికుడికి నా నమస్కారం.

అన్నీ నాకు ఒకేలా నచ్చాయని చెప్పను. ఓపస్ 10లో నాలుగోది ఇంకాస్త నిదానిస్తే ఎడమచేతి గీతలు మరింత బాగా వినబడేవనిపిస్తుంది.

అసలు సంగతి ఓపస్ 25లో ఏడోది. ఇందులో వేగం లేదు. పాట చాలామటుకు ఎడమచేతిది, సెల్లో పాడినట్టు ఉంటుంది. కుడిచేయి పైన ఇంకో గొంతుతో బదులు పలుకుతుంది. మంద్రంలో తీగలు లావుగా ఉంటాయి, రాగి చుట్టి ఉంటాయి, వాటి మోగుడు ఒక పట్టాన చల్లారదు. పెడల్ ఎక్కువైతే మసకబారుతుంది, తక్కువైతే పాట ముక్కలవుతుంది. మోతను ఆపే డాంపర్ తీగ మీదికి ఎప్పుడు, ఎంత మెల్లగా దిగాలన్నదే ఇక్కడ సంగీతం. లిమ్ ఒక స్వరాన్ని పూర్తిగా ఆరనివ్వకుండా, రెండోదాన్ని దాని మీదికి తెచ్చి ఆనిస్తాడు. మీట నొక్కడం ఎంత ముఖ్యమో వదలడమూ అంతే ముఖ్యమని ఇంత స్పష్టంగా వినిపించిన రికార్డు ఈమధ్య నా చెవిన పడలేదు.

పిల్లలకు పియానో నేర్పిస్తున్న తల్లిదండ్రులకు ఒక మాట. ఈ రికార్డును వాళ్లకు ఫోన్ స్పీకర్లో వినిపించకండి, మంచి హెడ్‌ఫోన్స్ ఇవ్వండి. వేగంగా పరుగెత్తే ఎట్యూడ్లు తర్వాత వినొచ్చు, ముందు ఓపస్ 25లో ఈ ఏడోది పెట్టండి.