భూటాన్‌కి బర్త్ సర్టిఫికెట్

పిల్లల బర్త్ సర్టిఫికెట్ల కోసం ట్రంకు పెట్టె అంతా తిరగేస్తున్నాను.
పూజ సెలవలకి భూటాన్ వెళ్తున్నాం. మా ఇంట్లో దేశం దాటడం ఇదే మొదలు!

మనవాళ్లకి వీసా అక్కర్లేదు. పెద్దవాళ్లకి ఓటరు కార్డు, మాతో వచ్చే పిల్లలకి బర్త్ సర్టిఫికెట్ చాలు. రాత్రికి మనిషికి 1,200 రూపాయల రుసుము, ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకి సగం.
ఖరగ్‌పూర్ నుంచి హౌరా, సియాల్దాలో రైలెక్కితే హాసిమారా, అక్కణ్ణించి కాస్త దూరంలో జైగావ్. గేటు దాటితే ఫుంట్‌షోలింగ్, గడియారం అరగంట ముందుకి.

అమ్మ చూస్తూ చూస్తూ అంది:
"మీ మామ్మ ఏ కాగితం పట్టుకొచ్చిందిరా? చంకలో ఒకడు, చెయ్యి పట్టుకుని ఒకడు. పలాస దాటాక మాటే అర్థం కాలేదట."

అప్పట్నించీ అదే ఆలోచన. సిక్కోలు నుంచి రైల్వే పనికి ఖరగ్‌పూర్ వచ్చిన కుటుంబాలెన్నో. వర్క్‌షాపులో ఉద్యోగం మగాళ్లది. కొత్త భాషలో బియ్యం కొనడం, జ్వరమొచ్చిన పిల్లాణ్ణి డాక్టరుకి చూపించడం ఆడవాళ్ల పని.
మాకు హోటల్ బుకింగ్ ఉంది, తిరుగు టికెట్ ఉంది. మామ్మకి తిరుగు టికెట్ లేదు.
ఆ ధైర్యం గురించి మామ్మని ఒక్కసారైనా అడగాల్సింది. ఇప్పుడు చాలా బాధనిపిస్తోంది.

మీ ఇళ్లల్లో మొదట ఈ ఊరొచ్చింది ఎవరు? పిల్లలతోనే వచ్చారా? రాయండి.

అన్నట్టు, చిన్నపిల్లలతో థింపూ ఘాట్ రోడ్డు ఎక్కినవాళ్లు ఉంటే, వాంతులకి ఏం చేశారో కూడా చెప్పండి.