ఒకే ఓడలో ఇద్దరు



మన డోన్‌లో రైలు జంక్షనుంది గాని రేవు లేదు. గుక్కెడు నీళ్లకోసం భూమికి వందల అడుగుల తూట్లు పొడిచే మనకు సముద్రపు కథతో ఏమి పని అని మీరడగవచ్చు. అయినా 'ఘాజీ' అనే తెలుగు సినిమా చూచిన తరువాత నా ఆలోచన మన పల్లెల మీదికే మళ్లింది.

సంకల్ప్ రెడ్డి తీసిన ఈ సినిమా 2017 ఫిబ్రవరి 17న విడుదలైంది. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం కూడా పొందింది. దీనికి మూలం మన విశాఖ తీరాన జరిగిన సంగతే. 1971 యుద్ధంలో మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెదకుతూ పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ బంగాళాఖాతంలోకి వచ్చింది. డిసెంబరు 3వ తేదీ అర్ధరాత్రి దాటాక విశాఖ దగ్గర మునిగిపోయింది. మన రాజ్‌పుత్ నౌక వేసిన బాంబులవల్లనే మునిగిందని మన నౌకాదళం చెప్పింది. లోపల జరిగిన ప్రేలుడే కారణమని పాకిస్తాను వారన్నారు. సినిమాలో దానితో తలపడిన ఎస్-21 పోరాటము మాత్రం కల్పన.

నన్ను పట్టుకున్నది శత్రువుతో పోరుకంటె ఎస్-21 లోపలి పోరు. కెప్టెన్ రణ్‌విజయ్ సింగ్ కొడుకును పోగొట్టుకున్న తండ్రి. శత్రువు కనబడితే ఆజ్ఞకోసం ఆగనంటాడు. అతణ్ణి అదుపులో ఉంచుమని పంపబడిన అర్జున్ వర్మ, పైవారి ఆజ్ఞ లేనిదే కదలరాదంటాడు. ఇద్దరూ నిజాయితీపరులే, ఇద్దరికీ దేశమే ముఖ్యం. ఎవరికి కోపమొచ్చినా తలుపు తీసుకొని బయటికి పోవడానికి లేదు, బయటంతా నీళ్లే.

విశాఖ రామకృష్ణా బీచిలో కుర్సుర అనే జలాంతర్గామిని 2002 నుండి ప్రదర్శనకు ఉంచారు. పొడవు 91 మీటర్లు, అందులో పనిచేసినవారు సుమారు 75 మంది. లోపల నడవ ఎంత ఇరుకంటే, ఎదురుగా ఒకరొస్తే మనం ఒత్తిగిలి దారి ఇవ్వవలసిందే. అలాంటి చోట పంతానికి జాగా ఎక్కడిది?

సినిమాలో మందుపాతర ప్రేలి నీరు లోనికి వచ్చినపుడు, తనను అడుగడుగునా అడ్డుకొన్న అర్జున్‌ను కాపాడుతూ రణ్‌విజయే ప్రాణం విడుస్తాడు. ఆ మీదట ఓడను నడిపించే భారం అర్జున్‌పై పడుతుంది. ఆజ్ఞకోసం ఆగుదామన్నవాడే యుద్ధానికి తెగిస్తాడు.

మా సంఘములో ఇద్దరు అన్నదమ్ములున్నారు. వర్షాలు లేక బుడ్డల చేను వాడుతుంటే, అప్పు చేసైనా బోరు వేయాలని అన్న అన్నాడు. అప్పుతో నాశనమైన ఇండ్లు చూడలేదా అని తమ్ముడన్నాడు. అన్న బోరు వేయించాడు. కొద్దిగా నీళ్లు పడ్డాయి. అయితే చేనుకు పైపు వేయాలంటే తమ్ముని పొలంలోగుండా పోవాలి. అన్న నోరు తెరచి అడగడు, అడగనిదే తమ్ముడు ఇవ్వడు. చేనేమో ఎండుతూంది.

"అయ్యగారూ, ఇద్దురూ నా బిడ్డలే. ఎవురిది తప్పని చెప్పేది?" అని తల్లి అడిగింది. నిజమే, ఇద్దరి మాటలోనూ న్యాయముంది. అప్పుకు భయపడినవాడూ, ఆకలికి భయపడినవాడూ కోరినది ఆ ఇంటి క్షేమమే.

ఘాజీలో కమాండరు జఫర్ మహమ్మద్ ఖాన్‌తో సహా 90 మందికి పైగా ఉన్నారు. ఒక్కరూ బ్రతకలేదు. వారిలో ఎవరు ఎవరితో పోట్లాడారో మనకు తెలియదు. మాట్లాడుకొన్నవారినీ, మాటలు మానుకొన్నవారినీ సముద్రం ఒక్కసారే మింగింది. కరవు కూడ అంతే. అన్న గట్టు, తమ్ముని గట్టు అని చూడదు.

ఈ ఆదివారం ఆరాధన తరువాత ఆ తల్లి వాకిట ఇద్దరినీ కూర్చోబెట్టబోతున్నాను. ఎవరిది తప్పో తేల్చడానికి కాదు, పైపు ఏ గట్టు వెంబడి పోవాలో అడగడానికి. మీరూ ప్రార్థించండి. మీ ఇంటిలోనూ అలాంటి గట్టు ఒకటుంటే, వాన వచ్చేదాకా ఆగకండి.