పాతదని పారేయమంటే

ఈమధ్య రిపేరు షాపులకి వెళ్తే ఒళ్ళు మండిపోతోంది. లాప్‌టాప్ బల్ల మీద పెట్టి, ఆన్ అవడానికి చాలాసేపు పడుతోంది, ఒక్కోసారి అసలు లేవట్లేదు అని చెబుతామా, ఆ కుర్రాడు మూత కూడా తీయడు. "ఎప్పుడు కొన్నారు మేడమ్?" అంటాడు. 2012లో అంటాం. "ఇంకేముంది మేడమ్, లైఫ్ అయిపోయింది. కొత్తది తీసేసుకోండి, ఎక్స్చేంజ్‌లో వెయ్యో రెండు వేలో ఇప్పిస్తాను" అంటాడు. స్విచ్ నొక్కి చూడలేదు. ఎక్కడ ఆగిపోతోందని అడగలేదు. వయసు తెలిశాక ఇంక పరీక్ష దేనికన్నట్టు పక్కనున్న కొత్త పెట్టెల వైపు చెయ్యి చూపిస్తాడు. పని రాక అలా అంటే సరిపెట్టుకోవచ్చు. పని వచ్చినవాళ్ళు కూడా అదే మాట అనడం మొదలుపెట్టారు, అదే నా బాధ.

వయసు వల్ల చెడిపోయే భాగాలు లాప్‌టాప్‌లో కొన్ని ఉన్నాయి. తిరిగేవి, వేడెక్కేవి, ఛార్జ్ పట్టేవి. మిగతాదంతా కదలికలేని సిలికాన్. బాగా చూసుకుంటే అది చాలా ఏళ్ళు నిలుస్తుంది. అందుకని మెల్లగా లేస్తోందంటే ముందు చూడాల్సింది ఆ ఆలస్యం ఏ చోట జరుగుతోందన్నది. బటన్ నొక్కాక కంపెనీ బొమ్మ దగ్గరే చాలాసేపు నిలబడిపోయిందా? అయితే విండోస్ ఇంకా రంగంలోకే రాలేదు, మెషిన్‌ని మొదట లేపే బయాస్ తన పరీక్షలేవో చేసుకుంటూ దేనికోసమో ఎదురుచూస్తోంది. బొమ్మ తర్వాత చుక్కలు గుండ్రంగా తిరుగుతూ ఉండిపోయాయా? డిస్క్ మీద అనుమానపడాలి. డెస్క్‌టాప్ వచ్చేసింది గాని ఏది నొక్కినా పలకట్లేదా? మనకి చెప్పకుండా మొదలయ్యే ప్రోగ్రాములు లోపల బారులు తీరి ఉన్నాయన్నమాట. కాగితం మీద ఈ మూడూ రాసుకుని వాచీ చూస్తూ కూర్చుంటే, షాపులో దొరకని సమాధానం సగం ఇంట్లోనే దొరుకుతుంది.

నా దాంట్లో మూడూ ఉన్నాయి. పైగా నాలుగోది: రోజూ పొద్దున్న తేదీ ఏళ్ళ కిందటి జనవరి ఒకటికి వెళ్ళిపోయేది. బ్రౌజర్ తెరిస్తే బ్యాంకు సైటు దగ్గర్నించి ప్రతిదీ సురక్షితం కాదని ఎర్రగా హెచ్చరించేది. సైట్ల సర్టిఫికెట్లకి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువు ఉంటుంది కదా, మెషిన్ లెక్కలో ఆ తేదీ ఇంకా రానేలేదు. దీనికి మూలం మదర్‌బోర్డు మీద ఉండే బొత్తాం బ్యాటరీ, సీఆర్2032. ఆ అంకెలు దాని కొలతలే. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం, ఇచ్చేది 3 వోల్టులు. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. చాలా పాత మెషిన్లలో బయాస్ సెట్టింగులు గుర్తుండేది కూడా దాని చలవే. అది నీరసిస్తే ఏ డిస్క్ నుంచి లేవాలో కూడా బయాస్ మర్చిపోతుంది, బూట్ డివైస్ లేదని నల్ల తెర మీద తెల్ల అక్షరాలతో చెప్పి ఊరుకుంటుంది. ఆ అక్షరాలు చూసే చాలామంది బోర్డు పోయిందనుకుంటారు. పోయింది బొత్తాం బ్యాటరీ.

ఒక్కోసారి ఫ్యాన్ తిరిగేది, లైటు వెలిగేది, తెర మాత్రం నల్లగానే ఉండేది. దానికి కారణం విండోస్ 8తో, అంటే 2012లో వచ్చిన ఫాస్ట్ స్టార్టప్. షట్ డౌన్ నొక్కితే మెషిన్ పూర్తిగా ఆరిపోతోందని మనం అనుకుంటాం. నిజానికి కెర్నెల్‌ని, డ్రైవర్లని ఉన్నదున్నట్టుగా ఒక ఫైల్లో దాచి, మర్నాడు అక్కణ్ణించే ఎత్తుకుంటుంది. హార్డ్‌డిస్క్ ఉన్నవాటిలో దీనివల్ల కొంత సమయం కలిసొస్తుంది, కాదనను. కాని పాత డిస్‌ప్లే డ్రైవరు నిన్నటి స్థితిలోంచి సరిగ్గా లేవలేకపోతే తెర నల్లగా ఉండిపోతుంది. రోజుల తరబడి షట్ డౌన్ చేస్తూ వచ్చినా అసలైన షట్ డౌన్ ఒక్కసారీ జరగదు, రీస్టార్ట్ కొడితేనే జరుగుతుంది. పవర్ ఆప్షన్స్‌లో ఆ టిక్కు తీసేశాను, నల్ల తెర మళ్ళీ రాలేదు. అంత చిన్న విషయం.

మొదలయ్యే ప్రోగ్రాముల సంగతి మరీ చిన్నది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో స్టార్టప్ అనే ట్యాబ్ ఉంటుంది. ఎప్పుడో అమ్మేసిన ప్రింటరు తాలూకు సహాయకులు, వాడని చాట్ ప్రోగ్రాములు, తమను తాము తాజాపరచుకునేవీ అందులో బయటపడతాయి. యాంటీవైరస్ ఒక్కటీ ఉంచి మిగతావి ఆపేయొచ్చు.

ఇంకా లోతుకి వెళ్ళాలనుకునేవాళ్ళు ఈవెంట్ వ్యూయర్ తెరవాలి. చాలామందికి ఇది ఉందనే తెలియదు, నాకేమో ఇదంటే ప్రాణం. అందులో డయాగ్నస్టిక్స్ పెర్ఫార్మెన్స్ అనే అరలో 100వ నంబరు ఈవెంట్ ఉంటుంది. మెషిన్ లేవడానికి ఎంతసేపు పట్టిందో మిల్లీసెకన్లలో అక్కడ రాసి ఉంటుంది. దాని కింద 101, 102, 103 నంబర్లతో ఏ ప్రోగ్రాము, ఏ డ్రైవరు, ఏ సర్వీసు ఆలస్యం చేశాయో పేర్లతో సహా ఉంటాయి. నా దాంట్లో అంకె రెండు లక్షలు దాటింది. అంటే మూడు నిమిషాల పైమాట. ఏం జరుగుతోందో ఇంత వివరంగా తనే రాసి పెట్టుకునే యంత్రాన్ని తెరిచి చదవకుండా, లైఫ్ అయిపోయిందంటే ఎలా?

ఇక అసలు విషయం. ఆ రెండు లక్షల మిల్లీసెకన్లలో సింహభాగం హార్డ్‌డిస్క్‌దే. లాప్‌టాప్ హార్డ్‌డిస్కులు చాలావరకు నిమిషానికి 5400 చుట్లు తిరుగుతాయి. రేకుల మీద సన్నటి చేతి చివరనున్న హెడ్డు, కావలసిన గీత దగ్గరికి వెళ్ళి, కావలసిన ముక్క కిందకి వచ్చేదాకా ఆగి, అప్పుడు చదవాలి. ఒక్కో చదువుకీ సుమారు పదిహేను మిల్లీసెకన్లు. మనకది లెక్కలోది కాదు. కాని విండోస్ లేచేటప్పుడు చదవాల్సినవి వేలకొద్దీ చిన్న చిన్న ముక్కలు, అవి డిస్క్ అంతటా చెల్లాచెదురుగా ఉంటాయి. బంతిలో వందమందిని కూర్చోబెట్టి ఒక్కడే వడ్డిస్తూ, ప్రతి విస్తరికీ ప్రతి పదార్థానికీ విడివిడిగా వంటింట్లోకి వెళ్ళొస్తే భోజనాలు ఎప్పటికి ముగుస్తాయి? ఇందులో ప్రాసెసరు తప్పు లేదు, పాపం అది ఖాళీగా చూస్తూ కూర్చుంటుంది. హార్డ్‌డిస్క్ బదులు వేసుకునే ఎస్ఎస్‌డీలో తిరిగేది లేదు, వెళ్ళొచ్చే చెయ్యి లేదు. వందో వంతు సమయంలో చదివేస్తుంది.

ఈ ఒక్క మార్పు పాత లాప్‌టాప్‌కి చేసే మేలు ఇంకేదీ చేయదు. నన్నడిగితే, కొత్త లాప్‌టాప్ కొనే ప్రతివాళ్ళూ ముందు పాతదానికి ఎస్ఎస్‌డీ వేసి ఒక నెల వాడి చూడాలని చట్టం చేయాలి. గత పదిహేనేళ్ళలో వచ్చిన ఏ మామూలు లాప్‌టాప్‌లోనైనా రెండున్నర అంగుళాల సాటా హార్డ్‌డిస్క్ ఉందంటే, ఆ స్థలంలో అదే కొలతల ఎస్ఎస్‌డీ పడుతుంది. అవే పిన్నులు, అవే మరలు. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్తే అంతస్తుల నిండా దొరుకుతాయి. చిన్న ఊళ్ళో ఉన్నవాళ్ళు కొరియర్‌లో తెప్పించుకోవచ్చు.

కాని దానికంటే ముందు చేయాల్సినది ఒకటుంది. దీని మీద మాత్రం నేను ఎవరితోనైనా పోట్లాడతాను. హార్డ్‌డిస్క్ తన ఆరోగ్యం గురించి స్మార్ట్ అనే పేరుతో లెక్కలు రాసుకుంటుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రాము వాటిని చూపిస్తుంది. చదవలేక పక్కన పెట్టిన సెక్టార్లు, చదవగలనో లేదో అని అనుమానంలో ఉంచిన సెక్టార్లు సున్నా కాకపోతే పసుపు రంగు వస్తుంది. ఆ పసుపు కనిపించాక ఇంకేమీ చేయకూడదు. డిస్క్ చెక్ పెట్టకూడదు, డీఫ్రాగ్ చేయకూడదు, విండోస్ మళ్ళీ ఎక్కించకూడదు. మొత్తం డిస్క్‌ని అటూ ఇటూ పరిగెత్తించే పనులవి. నీరసించిన డిస్క్ ఆ పరుగులోనే ప్రాణం విడిచేయవచ్చు. ముందు మన ఫైళ్ళు బయటికి తీసుకోవాలి, మిగతావన్నీ తర్వాత. షాపుల్లో మొట్టమొదట చేసేది ఫార్మాట్. "డేటా ఏమైనా ఉందా మేడమ్?" అని స్క్రూడ్రైవర్ పట్టుకున్నాక అడుగుతారు.

నా దాంట్లో పసుపు వచ్చింది. ఫైళ్ళన్నీ తీసుకున్నాకే వెనక్కి తిప్పాను. వెనక రెండు మరలతో ఒక చిన్న తలుపు. మరలు వదులు చేసి అంచు దగ్గర గోటితో ఎత్తితే టక్కుమని వస్తుంది. లోపల ఎడమవైపు డిస్క్, కుడివైపు ర్యామ్. డిస్క్‌ని పక్కకి జరిపితే పిన్నుల్లోంచి ఊడుతుంది. దాని రెండు వైపులా ఉన్న రేకు తొడుగు విప్పి ఎస్ఎస్‌డీకి తొడిగి మళ్ళీ జరిపితే అంతే. ర్యామ్ దగ్గర అటొకటి ఇటొకటి చిన్న కొక్కేలుంటాయి. వాటిని బయటికి లాగితే ర్యామ్ చీటీ ఏటవాలుగా పైకి లేస్తుంది. బంగారు రంగు అంచు తుడిచి, అదే ఏటవాలులో పెట్టి కిందికి నొక్కితే రెండు కొక్కేలూ ఒకేసారి పట్టుకుంటాయి. అప్పుడొచ్చే చప్పుడు ఎంత బాగుంటుందో! చేసినవాళ్ళు చేసినదాన్ని మళ్ళీ ఎవరో తెరుస్తారని, తెరవాలని అనుకుని చేసిన వస్తువు అది.

ఇప్పటివాటిలో ఆ తలుపు లేదు. పలుచదనం కోసం చాలావాటిలో ర్యామ్‌ని బోర్డుకే టంకం వేసేస్తున్నారు. బ్యాటరీని జిగురుతో అంటించేవాళ్ళూ ఉన్నారు. నాలుగేళ్ళకి ర్యామ్ చాలకపోతే చేసేదేం లేదు, మెషినే మార్చుకోవాలి. ఇంత ఖరీదు పెట్టి కొన్న వస్తువులో ఒక చీటీ మార్చుకునే హక్కు లేకపోవడం నాకు మింగుడు పడదు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచినప్పుడు నేను నిజంగా సంతోషించాను. కంపెనీలు తమ మాన్యువళ్ళు, విడిభాగాల వివరాలు అందులో పెట్టాలన్నది ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. టంకం వేసిన ర్యామ్‌ని పోర్టల్ ఊడదీయలేదు.

దీనికి తోడు 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, దాదాపు 2017 తర్వాత వచ్చిన ప్రాసెసర్ ఉండాలి. ఎస్ఎస్‌డీ వేశాక చక్కగా పరిగెత్తే మెషిన్లు ఎన్నో ఆ జాబితాలో లేవు. వాటికి లినక్స్ మింట్ లాంటిది ఎక్కిస్తే హాయిగా మరికొన్నేళ్ళు నడుస్తాయి. నాదీ అలాగే నడుస్తోంది. కాని విండోస్‌ని పూర్తిగా తీసేయలేకపోయాను, ఒక పక్క అలాగే ఉంచాను. కారణం అచ్చు పేజీలు కూర్చే పేజ్‌మేకర్, పాత తెలుగు అను ఫాంట్లు.

మా పిన్ని కోనసీమలో ఆడవాళ్ళు పాడుకునే పెళ్ళిపాటలు సేకరించింది. స్నాతకం, తలంబ్రాలు, వియ్యపురాళ్ళ ఎత్తిపొడుపులు, అప్పగింతలు, అన్నీ. నోట్‌బుక్కుల్లో రాసుకున్నవాటిని అమలాపురంలో డీటీపీ చేసే ఒకాయన అను ఫాంటులో పేజ్‌మేకర్‌లో కొట్టిపెట్టాడు. పుస్తకం రాలేదు. నోట్‌బుక్కులు గోదావరి వరదలో తడిసిపోయాయి. మిగిలింది ఆ ఫైళ్ళే, అప్పటికి అవి ఉన్నది ఆ పసుపు వచ్చిన డిస్క్‌లోనే.

అప్పటి తెలుగు ఫాంట్లు తెలుగు అక్షరాలని ఇంగ్లీషు అక్షరాల గదుల్లో కూర్చోబెట్టాయి. ఉన్న గదులు 256. తెలుగులో గుణింతాలు, ఒత్తులు అన్నీ విడివిడిగా పెట్టడానికి చోటు చాలదు కాబట్టి అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు వేరు, గుడి వేరు, కొమ్ము వేరు, ఒత్తులు వేరు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే పాట బదులు డాలరు గుర్తులు, కొమ్ములున్న ఫ్రెంచి అక్షరాలు కనిపిస్తాయి. యూనికోడ్‌లో తెలుగుకి 1991 నాటికే సొంత చోటు, 128 గదులు వచ్చేశాయి. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు ఇళ్ళలోకీ వచ్చింది. అయినా మన అచ్చు పని ఆ తర్వాత చాలా ఏళ్ళు పాత ఫాంట్లలోనే నడిచింది. ఎన్ని చిన్న పత్రికలు, ఎన్ని కథల పుస్తకాలు ఇలాంటి ఫైళ్ళుగా ఎవరి అటకల మీద, ఎవరి పాత డిస్కుల్లో ఉన్నాయో! వాటిని ఎక్స్చేంజ్‌లో ఇచ్చేయమంటే గుండె ఝల్లుమంటుంది.

మార్పిడి ప్రోగ్రాములు ఉన్నాయి, పెట్టి చూశాను. ముప్పాతిక భాగం చక్కగా వస్తుంది. క్రావడి దగ్గర తేడా వస్తుంది. అది హల్లుకి ఎడమవైపు నుంచి చుట్టుకుంటుంది కాబట్టి పాత ఫైల్లో హల్లుకంటే ముందు పడి ఉంటుంది, యూనికోడ్‌లో తర్వాత ఉండాలి. కొన్నిచోట్ల అది ముందు పదానికి అతుక్కుపోయింది. 'మ' ఉండాల్సినచోట 'వు' వచ్చింది. మామూలు వచనమైతే చదువుతూ సరిదిద్దుకోవచ్చు. ఇవి ఆడవాళ్ళ నోటి పాటలు, నిఘంటువుల్లో లేని మాటలు బోలెడు. ఏది తప్పో, ఏది ముక్తేశ్వరంలో అలాగే అంటారో ఎలా తెలుస్తుంది? అందుకే విండోస్‌లోకి వెళ్ళి పేజ్‌మేకర్‌లో అసలు పేజీ తెరిచి పెట్టుకుని, ఒక్కో పంక్తీ పోల్చుకుంటూ దిద్దుతున్నాను. ఇప్పుడు వియ్యపురాళ్ళ పాటల్లో ఉన్నాను. చరణం చివర పిన్ని ఒక గుర్తు పెట్టించింది, మార్పిడిలో అది ప్రతిచోటా ప్రశ్నార్థకమైపోతోంది. డీటీపీ ఆయనకి ఫోన్ చేసి అడిగాను. "అదా అండీ, అమ్మగారు పల్లవి మళ్ళీ ఎత్తుకోవాలని పెట్టమన్నారు" అన్నాడు. అంబాజీపేట పాటలన్నిటికీ ఆ గుర్తు ఉంది. ముమ్మిడివరం వాళ్ళు మాత్రం పల్లవి దగ్గరికి వెనక్కి రారట, చరణం చివరి మాటనే రెండోసారి లాగి పాడి నేరుగా తర్వాతి చరణంలోకి వెళ్ళిపోతారని పిన్ని పేజీ అడుగున విడిగా రాయించింది. ఆ పాటల దగ్గర గుర్తు లేకుండానే ఉంచుతున్నాను.