ముందు కాళ్లు చూస్తాను

మందుల కోసం వచ్చినవాళ్లను కూర్చోబెట్టి ముందు తోట సంగతి అడుగుతాను. పూత నిలిచిందా, తేనెమంచు పురుగుకు ఎన్నిసార్లు కొట్టారు, చిన్న రసం కోతకొచ్చిందా అని రెండు నిమిషాలు మాట్లాడతాను. తర్వాత లేచి నిలబడమని, అదే కబురు ఇంకో రెండు నిమిషాలు సాగిస్తాను. బయట బెంచీ మీద ఉన్నవాళ్లకు ఇది కాలక్షేపంలా ఉంటుంది. నా చూపు మాత్రం ఎదుటి మనిషి కాళ్ల మీదే ఉంటుంది. మడమలు ఊరికే లేచి పడుతున్నాయా, మోకాళ్లు ఊగుతున్నాయా, నిలబడ్డప్పుడు ఒంటి బరువు ఈ కాలి మీద నుంచి ఆ కాలి మీదికి మారుతూనే ఉందా అని చూస్తాను. అప్పుడు అడుగుతాను: "లోపల ఎలా ఉంది? కాసేపు కూర్చోగలుగుతున్నావా?"

ఇది నేను కనిపెట్టిన పద్ధతి కాదు. బ్రిటన్‌కు చెందిన మానసిక వైద్యుడు థామస్ బార్న్స్ 1989లో ప్రచురించిన కొలమానంలో ఉంది. పరీక్షల కోసం బట్టీపట్టాను. అది నాకు అలవాటైంది మాత్రం ఈ నూజివీడు ప్రాంతంలోనే, ఒక కుర్రాడి విషయంలో నేను తప్పు చేశాక.

ఆ ఇంటివాళ్లు తోటలు గుత్తకు తీసుకునేవాళ్లు. వాళ్ల ఊరూ పేరూ చెప్పను. కుర్రాడికి ఇరవై ఆరేళ్లు. రాత్రిపూట తోట కాపలాకు వెళ్లినప్పుడు చెట్ల మధ్య నుంచి ఎవరో తనను తిడుతున్నట్టు వినిపించడం మొదలైంది. గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించారు. మూడు నెలలు గడిచాక నా దగ్గరికి తీసుకొచ్చారు. స్కిజోఫ్రీనియా. హాలోపెరిడాల్ మొదలుపెట్టాను. రెండు వారాల్లో గొంతులు బాగా తగ్గాయి. నాకు సంతోషమేసింది.

మళ్లీ వచ్చినప్పుడు తల్లి చెప్పింది: "మాటలు వినపడటం తగ్గింది డాక్టరు గారూ. కానీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. కంచం ముందు కూర్చోడు, నడుస్తానే తింటన్నాడు." కుర్రాడు గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకు తిరుగుతున్నాడు. వాడి ముఖంలో ఆందోళన చూసి జబ్బు ఇంకా లొంగలేదనుకున్నాను. మందు మోతాదు పెంచి పంపాను.

పది రోజులకే తిరిగి వచ్చారు. ఈసారి కుర్రాడే మాట్లాడాడు. "ఆ గొంతులు బయట నుంచి తిట్టేవి సార్. ఇది లోపల నుంచి తరుముతోంది. ఎక్కడికని పారిపోను?" రాత్రుళ్లు తోటలో తెల్లారేదాకా నడుస్తున్నాడు. పాదాలు బొబ్బలెక్కాయి. పడుకుంటే కాళ్లు పీకుతున్నాయి, లేస్తే ఒక్క క్షణం ఊరట, మళ్లీ అదే. ఇలా బతకడం కన్నా చావు నయమని చెల్లెలితో అన్నాడట.

నేను మందుల చీటీ మీదికి వంగి ఇంకో బిళ్ల రాయబోతుంటే తల్లి ఆపింది. "కోపం తెచ్చుకోకండి. మీరు బిళ్ల పెంచిన మర్నాటి నుంచే ఇది ముదిరింది. తోటలో మందెక్కువై పూత మాడితే, పురుగు తినిందనుకుని మళ్లీ మందు కొడతామా?"

ఆ మాటతో నా పెన్ను ఆగింది. కుర్రాణ్ణి నిలబెట్టి కాళ్లు చూశాను. ఉన్నచోటే కవాతు చేస్తున్నట్టు అడుగులు మారుతున్నాయి. నేను చదువుకున్నదే నా కళ్లెదుట ఉంది. రెండుసార్లు చూసి కూడా గుర్తుపట్టలేదు. నేనిచ్చిన మందు వల్ల వచ్చిన బాధను జబ్బు ఖాతాలో రాశాను.

దీన్ని అకథీసియా అంటారు. కూర్చోలేకపోవడం అని దాని అర్థం. ప్రాగ్ నగరంలో లాడిస్లావ్ హాష్కోవెట్స్ అనే వైద్యుడు 1901లో ఇద్దరు రోగుల గురించి రాస్తూ ఈ పేరు పెట్టాడు. అప్పటికి మనోవ్యాధులకు ఈ మందులు లేవు. ఆ కుదురులేనితనానికి మూలం మనసులోనే ఉందని ఆయన అనుకున్నాడు. 1952లో పారిస్‌లో క్లోర్‌ప్రోమజైన్ వాడకం మొదలయ్యాక, ఆ తర్వాత హాలోపెరిడాల్ లాంటివి వచ్చాక, మందు వల్ల కూడా ఇది వస్తుందని తెలిసింది. మెదడులో డోపమిన్ పనిని ఈ మందులు అడ్డుకుంటాయి. గొంతులు, అనుమానాలు తగ్గేది అందువల్లే. కదలికలను అదుపులో ఉంచే దారుల్లోనూ డోపమిన్ ఉంది కాబట్టి కొందరికి ఆ ప్రభావం అక్కడా పడుతుంది. సాధారణంగా మందు మొదలైన మొదటి రోజుల్లోనో వారాల్లోనో, లేదా మోతాదు పెంచినప్పుడో కనిపిస్తుంది. రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ లాంటి తర్వాతి తరం మందులతోనూ రావచ్చు. వాంతులు తగ్గడానికి ఇచ్చే మెటోక్లోప్రమైడ్ సూదితో కూడా కొందరికి ఇలాగే అవుతుంది.

ఆ రోజు మోతాదు తగ్గించాను. ఉబ్బసం లేదని రూఢి చేసుకుని, నాడీ, రక్తపోటు చూసి ప్రొప్రనలాల్ కొద్ది మోతాదులో రాశాను. ఉబ్బసం ఉన్నవాళ్లకు అది ప్రమాదం కాబట్టి ఆ ప్రశ్న అడగకుండా రాయకూడదు. చేతుల వణుకుకి, కండరాల బిగుతుకి బాగా పనిచేసే ట్రైహెక్సిఫెనిడిల్ బిళ్ల ఈ బాధకు అంత నమ్మకంగా పనిచేయదు. నెమ్మదిగా హాలోపెరిడాల్ తీసేసి, ఈ బాధ తక్కువగా తెచ్చే క్వెటియాపిన్‌కు మార్చాను. చావు మాట అన్నాడు కాబట్టి ఒంటరిగా వదలొద్దని, పురుగుమందు డబ్బాలు తాళం వేసి ఉంచమని ఇంట్లోవాళ్లకు చెప్పాను. మూడు రోజులకోసారి ఫోన్ చేయించుకున్నాను.

మందు మారినా బాధ ఒక్కపూటలో పోదు. ఈలోపు ఎలా నెట్టుకురావాలో ఆ కుటుంబం నుంచే నేర్చుకున్నాను. తండ్రి మొదట్లో "కుదురుగా కూర్చోరా" అని కసిరేవాడు. అది వాడి చేతిలో లేదని తెలిశాక ఆ మాట మానేశాడు. గాలికి రాలిన కాయలు ఏరే పని అప్పగించాడు. ఎటూ నడవక తప్పని కాళ్లకు అది తగిన పని. అన్నం రెండు మూడు విడతలుగా పెట్టారు. టీ, కాఫీ ఆపారు. కాళ్లకు చెప్పులు తప్పనిసరి చేశారు. చెల్లెలు పాత నోటుబుక్కులో బిళ్ల వేసిన వేళ, కాళ్లు పీకిన వేళ రాసింది. ఆ రెండు వరసల లెక్క నాకు చాలా ఉపయోగపడింది. ఇప్పుడు మా దగ్గరికి వచ్చే ప్రతి ఇంటివాళ్లనూ అలా రాయమంటున్నాను.

ఒక్కటి మాత్రం అందరికీ గట్టిగా చెబుతాను. ఈ బాధ మొదలైతే బిళ్లలు మీ అంతట మీరు ఆపేయకండి. ఆపితే గొంతులు మళ్లీ వస్తాయి. హఠాత్తుగా ఆపడం వల్ల కూడా ఈ కుదురులేనితనం ఎక్కువ కావచ్చు. ఆ పూటే వైద్యుడికి చెప్పండి. "నాకు భయంగా ఉంది" అనకుండా "నేను కూర్చోలేకపోతున్నాను, ఫలానా బిళ్ల మొదలయ్యాక ఇది వచ్చింది" అని చెప్పండి. ఆ రెండు ముక్కలు వైద్యుడికి దారి చూపిస్తాయి. చాట్రాయి నుంచో ముసునూరు నుంచో బస్సెక్కి రావడానికి ఆ రోజు కుదరకపోతే, 2022లో మొదలైన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416 నంబరుకు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు. చావు ఆలోచన వస్తుంటే మాత్రం ఆగవద్దు, వెంటనే దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లండి.

మందు రాసే తోటివాళ్లకు నేను చెప్పుకునేది కూడా ఒకటుంది. మన దగ్గర రోజుకు ఎంతమంది వస్తారో నాకు తెలుసు. అయినా అటూ ఇటూ తిరిగే రోగి కనిపించగానే చేయి పెద్ద మోతాదు వైపు పోతుందే, ఆ క్షణంలో ఒక్కసారి ఆగి కాళ్లు చూడండి. ఇంటివాళ్లను "ఎప్పటి నుంచి?" అని అడగండి. బిళ్ల వేసేదీ, రాత్రంతా మేలుకుని కనిపెట్టేదీ వాళ్లే.

ఆ కుర్రాడు జూన్ నెలాఖరుకు మళ్లీ వచ్చాడు. కోతలు అయిపోవచ్చాయి. షెడ్డులో వరిగడ్డి పరుచుకుని కూర్చుని కాయలు గ్రేడు చేస్తున్నాడని తల్లి చెప్పింది. నేను ఎప్పట్లాగే తోట సంగతి అడిగాను. బంగినపల్లికి ఈసారి గాలిదెబ్బ ఎంత తగిలిందో, కలెక్టరు కాయకు జ్యూసు ఫ్యాక్టరీవాళ్లు ఏ ధర కట్టారో, సొన అంటకుండా తొడిమతో ఎలా కోయాలో వివరంగా చెప్పుకొచ్చాడు. వాడి రెండు పాదాలూ నేల మీద ఆని ఉన్నాయి. రెండు నిమిషాలు ఎప్పుడు దాటాయో నేను చూసుకోలేదు.